ప్రశాంతంగా విరిగిన బిస్కెట్లు

అక్కకు,

తమ్ముడు నమస్కరించి రాసేది. ఇక్కడ నేను తప్ప అందరూ క్షేమం.

నువ్వు ఫోను మానేసి ఉత్తరాల్లోకి దిగావని బావ చెప్పాడు. అందుకే ఈ తిప్పలు. నా పరిస్థితి బాగాలేదు. ఫ్యాక్టరీలో బెల్టు పక్కన నిలబడి, విరిగిన బిస్కెట్లు ఏరి పక్కన పడెయ్యడం నా పని అని తెలుసుగా. ఈమధ్య ఏ బిస్కెట్టు చూసినా విరిగినట్టే కనిపిస్తోంది. గుండె దడ, చేతులు వణుకు. భయం కొద్దీ మంచివి కూడా ఏరేస్తున్నాను. ఆ వణుకుకి పక్కన ఉన్నవి విరుగుతున్నాయి, మళ్ళీ వాటినీ ఏరాల్సి వస్తోంది. మేనేజరు పిలిచి, "ఏమయ్యా, నువ్వు పని చేస్తున్నది కంపెనీకా, చెత్తబుట్టకా?" అని కడిగేశాడు. ఇలాగే ఉంటే తీసేస్తాడు. ఈ వయసులో నాకు ఇంకో పని ఎవరిస్తారు? చచ్చేంత భయంగా ఉందక్కా.

ఆ మైండ్‌ఫుల్‌నెస్ క్లాసులో నీకేదో పట్టుబడిందట కదా. కాస్త నాకూ పంపు.

ఇట్లు,
నీ వణుకుడు తమ్ముడు

తా.క.: కాగితం మీద మరకలు చూసి కన్నీళ్ళనుకునేవు. వెన్న.

~

చిరంజీవి తమ్ముడికి,

అక్క నిండుగా ఊపిరి పీల్చి, నిదానంగా వదిలి, రాసేది.

నీ ఉత్తరం చదివితే కంగారు వచ్చింది. వచ్చిందని గమనించాను. పోయింది. చూశావా, ఎంత తేలికో! మా క్లాసు మేడమ్ చెప్పేది ఒక్కటే. ఎదురుగా ఏది వస్తే దాన్ని ఊరికే చూడు. మంచిదనకు, చెడ్డదనకు, పట్టుకోకు. దాని దారిన అదే పోతుంది. రేపట్నుంచి పనిలో కూడా ఇదే చెయ్యి. నీ వణుకు తోక ముడవకపోతే నన్నడుగు.

మీ బావ చేత కూడా మొదలుపెట్టించాను. ఇదివరకు కాఫీతో పాటు బిస్కెట్లు పరపరా నమిలేసేవాడా! ఇప్పుడు కళ్ళు మూసుకుని, అంచు నుంచి మొదలుపెట్టి, ఒక్కో నములుడూ గమనిస్తూ తింటున్నాడు. మనిషి ఎంత ప్రశాంతంగా మారాడో! నోరు విప్పితే ఒట్టు.

ఇట్లు,
వర్తమానంలో కాపురముంటున్న అక్క

తా.క.: ఈ ఉత్తరం రాయడంలో లీనమైపోయి పొయ్యి మీద పాలు మరిచిపోయాను. గిన్నె మాడింది. దాన్నీ ఊరికే చూశాను. మీ బావ తోముతున్నాడు.

~

అక్కకు,

ఊపిరాడుతున్న తమ్ముడు రాసేది.

నీ నోట్లో పంచదార పొయ్య! వణుకు పోయింది. మర్నాడే బెల్టు పక్కన నిలబడి మొదలుపెట్టాను. విరిగిన బిస్కెట్టు వచ్చింది. వచ్చిందని గమనించాను. పోనిచ్చాను. ముక్క వచ్చింది, పోనిచ్చాను. పొడి వచ్చింది, దాని మానాన దాన్ని పోనిచ్చాను. ఎవరిదో గ్లౌజు వచ్చింది. అబద్ధమెందుకు, కాస్త తటపటాయించాను. కానీ మంచిదనడానికీ చెడ్డదనడానికీ నేనెవర్ని?

ఇన్నేళ్ళలో ఇంత హాయిగా పని చేసింది లేదు. బుట్ట ఖాళీగా ఉండటం చూసి మేనేజరే వచ్చి భుజం తట్టాడు. ఇక నా ఉద్యోగానికి ఢోకా లేదు.

ఇట్లు,
నీ శిష్యుడు

తా.క.: ప్యాకింగులో పనిచేసే ఆవిడ, బిస్కెట్లు గరిటెతో నింపాల్సి వస్తోందని ఒకటే ఏడుపు. పాపం, ఆవిడకి కూడా మీ మేడమ్ అడ్రసు ఇవ్వనా?

~

ఒరేయ్ తమ్ముడూ!

ఆశీస్సులు తర్వాత. ముందు తిట్లు.

పోనివ్వమన్నది ఆలోచనల్నిరా, బిస్కెట్లని కాదు! "మా తమ్ముడి చేతి మీదుగా వచ్చినవి" అని గొప్పలు పోయి, మీ కంపెనీ ప్యాకెట్లు మా క్లాసుకి పట్టుకెళ్ళాను. మేడమ్ ఒకటి విప్పి వంచితే ఒళ్ళంతా పొడి. ఆవిడ చిరునవ్వు చెదరకుండా కళ్ళు మూసుకుని గాఢంగా ఊపిరి పీల్చింది. పొడి ముక్కులోకి పోయింది. ఇక తుమ్ములే తుమ్ములు. క్లాసంతా కూర్చుని వాటిని గమనించాం.

సరే, తల వాచేలా తర్వాత తిడతాను. ఇప్పుడు నిన్ను మేనేజరు పిలుస్తాడు. సాకులు చెప్పకు, ఎదురు మాట్లాడకు. ఆయన అరుపుల్ని బయట పడుతున్న వానలా విను. మొహం నిమ్మళంగా పెట్టు. నీ ఉద్యోగం నిలబడాలంటే నాకింకో దారి తోచడం లేదు. నాకూ భయంగానే ఉందిరా.

ఇట్లు,
కోపాన్ని గమనించి కూడా పోనివ్వని అక్క

తా.క.: ఆ గ్లౌజు ఏ ప్యాకెట్టులోకి పోయిందో కనుక్కో. మేడమ్ రెండోది ఇంకా విప్పలేదు.

~

అక్కకు,

కొత్త కుర్చీలోంచి తమ్ముడు రాసేది.

మేనేజరు పిలిచాడు. బల్ల నిండా జనం తిప్పి పంపిన ప్యాకెట్లు. అరుపులు మొదలయ్యాయి. వాన అనుకుని విన్నాను. నిజం చెప్పొద్దూ, ఉద్యోగం ఊడిందనే అనుకున్నాను. ఆయన కంపెనీ పరువు గురించి అరిచాడు. పై ఆఫీసు గురించి అరిచాడు. ఆనక తన అల్లుడి గురించి అరిచాడు. నేను కదల్లేదు. చివరికి గొంతు పోయి, మంచినీళ్ళు తాగి, "ఇంతసేపు నా మాట విన్నవాడు ఇంట్లో కూడా లేడయ్యా" అన్నాడు. బెల్టు ఛాయలకి మాత్రం రావద్దన్నాడు. ఉద్యోగం పోలేదక్కా! ఫిర్యాదుల విభాగంలో వేశాడు. నా మూలంగా వచ్చినవన్నీ నేనే చదివి జవాబులు రాయాలి.

మొదటి కవరు విప్పాను. సంతకం చూస్తే, బావ!

ఎవరికి చెప్పుకోవాలో తెలియక, ప్యాకెట్టు మీద అడ్రసు కనిపిస్తే రాశాడట. బిస్కెట్ల గురించి ఒక్కటే వాక్యం: "పొడి చేసి పంపినందుకు ధన్యవాదాలు, నమిలే బాధ తప్పింది." మిగతా పేజీలన్నీ నీ గురించే. మాట్లాడబోతే "మాట వస్తోందని గమనించండి, పోనివ్వండి" అంటున్నావట. చదువుతూ పడీ పడీ నవ్వాను. తర్వాత ఈ ముక్క దగ్గర నవ్వు ఆగిపోయింది: "ఈమధ్య నాకూ గుండె దడగా ఉంటోంది. ఆఫీసులో మా సెక్షను మూసేస్తారంటున్నారు. మా ఆవిడకి చెప్పాలి. ఆవిడ కళ్ళు తెరిచాక చెబుతాను."

అక్కా, దీనికి కంపెనీ తరఫున నేనేం జవాబు రాయను?

ఇట్లు,
ఫిర్యాదుల విభాగం

తా.క.: ఫిర్యాదు చేసినవాళ్ళకి ఒక పెట్టె బిస్కెట్లు ఉచితంగా పంపడం ఇక్కడి పద్ధతి. బావ ముందే రాసేశాడు: "బిస్కెట్లు వద్దు. వినే మనిషి ఎవరైనా ఉంటే పంపండి." మా గోడౌన్‌లో ఆ సరుకు లేదు. పక్కగదిలోకి నువ్వే వెళ్ళు.