గొంగడి కప్పే ముందు

మిర్యాలగూడ,
9 నవంబర్ 2025, ఆదివారం.

ఎంపీ గారి ఫోన్లు, ఫైళ్లు, పూలదండలు ఏకకాలంలో మోస్తున్న శ్రీ దామోదర్ గారి సముఖానికి, ఊరివాళ్ల రక్తపు చుక్కలతో కాలక్షేపం చేసే ల్యాబ్ టెక్నీషియన్ ధర్మేందర్ నమస్కరించి రాయునది.

ఇక్కడ అందరం క్షేమం అని రాయాలట. రాయను. నీ క్షేమం మాత్రం రోజూ టీవీలో కనబడుతూనే ఉంది. సార్ వెనక మూడో తలకాయ నీదే. ఫోన్ చేస్తే మీటింగులో ఉన్నానంటావు గనుక ఉత్తరం రాస్తున్నాను. దీన్ని కట్ చేయలేవు.

మొన్న నువ్వు పంపిన ఆజ్ఞను శిరసావహించాను. వైద్య పరిశోధనకు నిధులు తెచ్చే బిల్లు మీద కమిటీలో మీ సార్ గొప్పగా మాట్లాడారనీ, అందుకు కోదాడలో సన్మానమనీ, మా పాలకీడు గొర్లకాపరులు వచ్చి గొంగడి కప్పి ఆయన చేతుల్లో గొర్రెపిల్లను పెట్టాలనీ చెప్పావు. పిల్ల తెల్లగా ఉంటే ఫొటోలో మంచిగ పడతదని కూడా అన్నావు. నీ కళాదృష్టికి జోహార్లు.

ఆ బిల్లు ముసాయిదా నేనూ చదివానురా. నిధులు రావాలి, కొత్త మందులు రావాలి, కాదనను. కానీ అందులో ఒక నిబంధన ఉండేది. పరిశోధన కోసం ఎవరి రక్తం తీసుకుంటే, అందులో బయటపడ్డ జబ్బు సంగతి వాళ్లకు చెప్పి తీరాలని. దాన్ని తీసేయమని మీ సార్ కమిటీకి రాశారు. అలా చెబుతూ కూర్చుంటే ఆవిష్కరణలు ఆలస్యమవుతాయట! అది సార్ రాసిన వాక్యం కాదు. హాస్టల్లో ఒకే గదిలో ఉన్నవాణ్ణి, నీ రాత నాకు తెలియదా?

మూడేళ్ల కింద ఒక పరిశోధన సంస్థ వ్యాను మా ఊరొచ్చింది. గొర్రెల నుంచి మనుషులకు అంటుకునే జ్వరం మీద పరిశోధన. కాపరులందరినీ వరసగా కూర్చోబెట్టి రక్తం తీశారు. తలా ఒక అరటిపండు, బిస్కెట్ ప్యాకెట్ ఇచ్చారు. మా అమ్మ లింగమ్మ అప్పుడే అడిగింది, మాకేమన్న ఉంటే చెప్తరా బిడ్డా అని. ఎందుకు చెప్పమమ్మా అన్నాడు ఆ డాక్టరు, బిస్కెట్ చేతికిస్తూ. ఆ రక్తంతో ఒక పరీక్ష కిట్టు తయారైంది. దానికి బహుమతి వచ్చింది. మీ సార్ తన ప్రసంగంలో మెచ్చుకున్న ఆవిష్కరణ అదే మహాశయా!

మాకు మాత్రం కబురు లేదు. ఆ ఏడాది నుంచే మా నాయన మైసయ్యకు పొద్దుగూకితే జ్వరం. టైఫాయిడ్ అన్నారు, సూదులు వేశారు. తగ్గింది, మళ్లీ వచ్చింది. మళ్లీ టైఫాయిడే అన్నారు. చివరికి నడుం పట్టేసి లేవలేకపోతే హైదరాబాద్ తీసుకెళ్లాం. అదే గొర్రెల జ్వరం. వెన్నుపూసను తినేసింది. మొదట్లో తెలిసుంటే ఆరు వారాల గోళీలతో పోయేదన్నారు. నెలలు నిండకుండానే ఈసుకుపోతున్న గొర్రెల కడుపులో చెయ్యి పెట్టి చచ్చిన పిల్లల్ని లాగిన మనిషి, ఇప్పుడు గోడ పట్టుకుని నడుస్తున్నాడు.

సంస్థకు ఫోన్ చేశాను. మీ నాన్నగారి రిజల్ట్ మా దగ్గర ఉంది సార్, ఇవ్వాలని రూల్ లేదు సార్, అంది ఒక మర్యాదైన గొంతు. ఉందట! మూడేళ్లుగా ఉందట! ఆ రోజు నాయన పక్కన కూర్చున్న వాళ్లందరివీ ఉన్నాయట. వాళ్లలో మా బాలనర్సమ్మ పెద్దమ్మకు ఇప్పుడు సాయంత్రం కాగానే ఒళ్లు కాలుతోంది. హైదరాబాద్ పోదాం రమ్మంటే కసురుకుంది. ఉన్నదని చెప్తే వస్త గాని, ఉందేమో అంటే పత్తి ఏరుడు ఇడిసిపెట్టి ఎట్ల వస్తరా, అంది. ఆమెకు నేనేం చెప్పాలి? ఆవిష్కరణ ఆలస్యమవుతుంది, ఓపిక పట్టు పెద్దమ్మా అనా?

నేను జోకులు వేసే మనిషినని నీకు తెలుసు. ఈ మధ్య వేస్తుంటే పళ్లు కొరికిన చప్పుడే వస్తోంది.

ఆ నిబంధన మళ్లీ పెట్టించు. పెట్టిస్తే గొంగడి నేనే కప్పుతాను, డప్పులు కూడా నేనే మాట్లాడతాను. లేదంటే కోదాడకు మా ఊరి నుంచి ఒక్క మనిషి రాడు. గొర్రెపిల్ల మాత్రం వస్తుంది. మాట ఇచ్చాను కదా. మా మందలోదే, తెల్లదే. దానికి జ్వరం ఉందో లేదో మాకు తెలియదు. మాకు ఎవరూ ఏదీ చెప్పరు కదా.

ఇట్లు,
నిన్నింకా అరేయ్ అనే హక్కు వదులుకోని
ధర్మేందర్

తా.క. (బుధవారం, పాలకీడు నుంచి): ఈ ఉత్తరం ఇంకా పోస్టు చేయలేదు. ఒక నిజం దాచాను. గొర్రెపిల్ల సంగతి నీ ఒక్కడికే చెబుతున్నట్టు రాశాను కదా, అబద్ధం. ఇది రాయకముందే మీ సార్ ఇంటికి ఫోన్ చేసి మేడమ్‌కు చెప్పాను. సార్ ఎత్తుకోబోయే పిల్లది ఈసుకుపోయిన గొర్రెలున్న మంద మేడమ్, ఆ జబ్బు మనుషులకు అంటుతుంది మేడమ్, అయినా ఏం భయపడకండి, అని.

సోమవారం పొద్దున్నే సూర్యాపేట నుంచి పశువుల డాక్టర్లు జీపులో దిగారు. పిల్ల రక్తం తీశారు. పొద్దుగూకకముందే నా ఫోనుకు రిపోర్టు వచ్చింది. జబ్బు లేదు. గొర్రెపిల్ల క్షేమం.

నాయన మంచంలో కూర్చుని అంతా విన్నాడు. నవ్వుతాడనుకున్నాను. గింత జల్ది తెలుస్తదారా అని అడిగాడు. తెలుస్తది నాయనా అన్నాను. తర్వాత, నన్ను కోదాడకు తోల్కపో అన్నాడు. గొంగడి నేనే కప్పుత, కప్పినంక మైకు ముంగటనే అడుగుత అన్నాడు. గొర్రెకు ఒక్క పూటల చెప్పిండ్రు, మా బాలనర్సమ్మకు ఎప్పుడు చెప్తరు సారూ అని.

తీసుకొస్తున్నాను. సార్‌కు జవాబు రాసిపెట్టు.