పొగాకు సుంకం, ఆసుపత్రి మంచం

రాయపూర్, ఆగస్టు 1973

జిల్లా ఆరోగ్యాధికారి శ్రీ మల్లేశ్వరరావు గారి సముఖమునకు, తెలీబంధాలో కాపురముండు కోటమ్మ, భర్త కీ.శే. జోగయ్య, విన్నవించుకొనునది.

అయ్యా,

విషయం: పొగాకు మీద సుంకం తీసుకుని, పొగాకు రోగికి ఉచిత మంచం నిరాకరించుట గురించి.

తమరు తెలుగువారని విని తెలుగులో రాయించుచున్నాను. రాస్తున్నది మా పక్కింటి నర్సు దీనమ్మ. మాటలు నావి.

1. నా అంగిలిలో పుండు లేచినది. వెంటనే కోయకపోతే గొంతులోకి దిగునని డాక్టరుగారు సెలవిచ్చిరి. మంచం కొరకు పెద్దాసుపత్రికి పోగా, పొగాకు వాడినవారికి ఉచిత వైద్యం లేదని తమరి కొత్త ఉత్తర్వు వచ్చినదట. "బీమారీ తుమ్‌నే ఖుద్ ఖరీదీ, అమ్మా" అన్నాడు గుమాస్తా. రోగం నేనే కొనుక్కున్నానట! కొన్నమాట నిజమే. కొన్నప్పుడల్లా సర్కారు వాటా సర్కారుకు ఇచ్చే కొన్నాను.

2. నేను అడ్డపొగ తాగుదును, అనగా చుట్ట నిప్పు నోటిలోపల పెట్టుకుని. మా శ్రీకాకుళం వైపు ఆడవాళ్ళకిది అలవాటు. భన్‌పురిలో గోనెసంచుల గోదాములో నా రెండు చేతులూ పనిలోనే ఉండును, నిప్పురవ్వ సంచుల మీద పడరాదు. గోదాము సేట్‌గారి గోనె కాలలేదు, నా నోరు కాలింది. అప్పుడు ఎవ్వరూ మానమనలేదు.

3. ప్రతి బడ్జెట్టుకూ పొగాకు ధర పెరిగినది. దుకాణదారుని అడిగితే "టాక్స్ బఢ్ గయా, అమ్మా, హమ్ క్యా కరేఁ" అనేవాడు, పన్ను పెరిగితే తామేం చేస్తామని. ఆ పన్ను ఎందుకో కొత్త వార్డు తెరిచిన రోజున తమరే మైకులో చెప్పితిరి: "పొగాకు మీద, సారా మీద వచ్చే డబ్బుతోనే పేదలకు ఉచిత వైద్యం!" చప్పట్లు కొట్టినవారిలో నేనూ ఉన్నాను.

4. ధర పెంచితే బీదలు మానేస్తారని తమరి లెక్క కాబోలు. మేము చుట్ట మానలేదు, కూర మానేశాం.

5. అది చెడ్డ అలవాటే, కాదనను. చెడ్డదని తెలిసీ నేను తాగాను. చెడ్డదని తెలిసీ తమరు సుంకం పుచ్చుకున్నారు. పాపంలో పాలు పంచుకున్నవారు మందు దగ్గర ముఖం చాటేయవచ్చునా? అన్నం మింగుడుపడటం లేదు బాబూ. నాకు భయంగా ఉంది.

కావున సోమవారం ఉదయం చాప చంకన పెట్టుకుని వచ్చెదను. వార్డులో మంచం ఇస్తే సరి. లేనిచో తమరి గది గుమ్మంలోనే పరుచుకుంటాను. చిత్తగించి, ఆ గుమ్మమైనా ఊడ్పించి ఉంచవలెను.

ఇన్నాళ్ళూ తమ విధేయురాలు,
కోటమ్మ (వేలిముద్ర)

తా.క. చుట్ట మానేశాను. తమరి ఉత్తర్వుకు జడిసి కాదు, నొప్పికి తాళలేక. ఇకమీదట నా నుంచి సర్కారుకు దమ్మిడీ సుంకం రాదు. నేను బతికితే తమకు నష్టమే. అయినా బతుకుతాను.