ఎండదేశానికి స్వెట్టర్లు

గుడివీధి మలుపులో ఆడవాళ్ల బట్టలు కుట్టే దర్జీనైన నేను, బుద్ధి నిలకడగా ఉండగా, ఎవరి బలవంతమూ లేకుండా, మనస్ఫూర్తిగా రాయించిన వీలునామా ఇది. నాకు మతి చలించిందని మేనల్లుడి అనుమానం కాబట్టి డాక్టరుగారి సర్టిఫికెట్టు జతచేశాను. గతంలో రాసినవేవీ చెల్లవు. దీన్ని అమలుచేసే బాధ్యత మా విచారణను, అంటే ఈ చర్చి కిందున్న ఇళ్లన్నిటినీ, చూసుకునే ఫాదర్‌గారిది.

1. ముందుగదిలోని దుకాణం మా విచారణకు చెందాలి. దాని అద్దె యావత్తూ ఎండదేశంలో మన ఫాదర్లూ సిస్టర్లూ నడిపే మిషన్ సేవకే వాడాలి. గుడికి కొత్త మైకులు కొనకూడదు. ఉన్నవే ఎక్కువ.

2. "ముందు మనవాళ్లని చూసుకోవాలి కదత్తా, తర్వాతే పరాయి దేశం" అంటాడు మేనల్లుడు. మనవాళ్లంటే తానొక్కడే అని అతని ఉద్దేశం. చదివించాను, పెళ్లి చేశాను, స్కూటరు కొనిచ్చాను. వెనకగదులు అతని భార్య పేరున రాస్తున్నాను. ఆ పిల్లకి బుద్ధుంది.

3. నా కుట్టుమిషను, అక్కడ మన సిస్టర్లు నడిపే కుట్టు నేర్పే బడికి. పెడల్ కాస్త మొరాయిస్తుంది, నూనె వేస్తే మాట వింటుంది.

4. నా బంగారు గాజులు అమ్మి, నా తోటికోడలికి ఆ మిషన్‌కి రానూపోనూ విమానం టిక్కెట్టు కొనాలి.

కారణం చెబుతాను. మా మిషన్ సంఘానికి ఆవిడే పెద్ద. ఒక ఏడాది విచారణలో ఇంటింటా ఉన్ని కొనిపించి, స్వెట్టర్లు అల్లించి పంపింది. "అక్కడ ఎండలెలా ఉంటాయో కనుక్కోవే" అన్నాను. "ప్రతిదానికీ అడ్డుపుల్ల వేస్తావక్కా" అంది. తర్వాత సెలవు మీద వచ్చిన మిషన్ ఫాదర్, వాటిని పొలాల్లో బెదురుబొమ్మలకి తొడిగామనీ, పిట్టలు పంట జోలికి రావడం లేదనీ, సంఘానికి కృతజ్ఞతలనీ పూజలో చెప్పారు. గుడంతా నవ్వింది. ఆవిడ తలెత్తలేదు. చాన్నాళ్లు గడప దాటలేదు.

ఒక సాయంత్రం పల్చటి నూలుగుడ్డ మూటతో నా దుకాణానికొచ్చి, "నువ్వు కత్తిరించక్కా, నేను కుడతాను" అంది. అప్పట్నుంచీ నా పక్కనే కూర్చుని అక్కడి పిల్లలకి గౌన్లు కుడుతోంది. ఆవిడ కుట్టు ఇప్పటికీ వంకరే. ఆవిడ ఇంటికెళ్లాక అన్నీ విప్పి నేనే మళ్లీ కుడుతున్నాను. ఇది చదివేదాకా ఆవిడకి తెలియదు.

ఆ గౌన్లు వేసుకున్న పిల్లల్ని ఆవిడ కళ్లారా చూసి రావాలి. అక్కడ కుట్టు మాత్రం ఎవరికీ నేర్పకూడదు.

తేదీ: అక్టోబరు నెల, మిషన్ ఆదివారం మర్నాడు
సంతకం: దర్జీ పెద్దమ్మ

సాక్షులు:
మందులషాపు ఆయన
గుడిగంట తాత (కళ్లజోడు మర్చిపోయి వచ్చాడు, మొత్తం చదివి వినిపించాం, మధ్యలో కళ్లు తుడుచుకున్నాడు)