పద్నాలుగు రోజుల గడువు

నికవెరటియ,
మే 9

తల్లీ సెవ్వందీ,

ఫోనుండగా ఈయనకి ఉత్తరం ఎందుకూ అనుకుంటావు. ఫోనులో నువ్వు "చెప్పు నాన్నా" అనగానే నాకు వాన సంగతి, చేను సంగతి తప్ప ఇంకోటి నోటికి రాదు. ముప్పై ఏళ్లు బళ్లో పౌరశాస్త్రం చెప్పిన నోరే ఇది. అందుకే కాగితం తీసుకున్నాను. అమ్మకి ఇంకా చెప్పలేదు. ముందు నీకు తెలియాలి.

కొట్టు ముదలాలి గుణపాల పోయాడు. ఏడో రోజు భిక్షువులకి పెట్టే దానానికి వెళ్లాను. వాళ్లు భోంచేసి వెళ్లాక గుణపాల పెద్దబ్బాయి నన్ను పక్కకి పిలిచాడు. "మాస్టారూ, కొట్టు పాత కాగితాల్లో మీ సెవ్వంది పేరుంది. ఆరు నెలలు పీఎఫ్ కట్టినట్టుంది. మా ఇనప సామాన్ల కొట్లో ఆ అమ్మాయి ఎప్పుడు పనిచేసిందండీ?" అన్నాడు. "నాకేం తెలుసు బాబూ" అనేసి వచ్చేశాను. స్నేహితుడు పోయిన ఇంట్లో కూడా అబద్ధమే ఆడాను.

నువ్వక్కడ ఒక్క రోజూ పనిచెయ్యలేదు. నీ పేరు రాయించింది నేను.

నీ డిగ్రీ చేతికొచ్చినప్పుడు అమ్మ పాలన్నం వండి వీధంతా పంచింది. ఆ తర్వాత రెండేళ్లు నువ్వెక్కడికెళ్లినా అడిగినవి రెండే ప్రశ్నలు: అనుభవం ఉందా, ఇంగ్లీషు వచ్చా. మా బడిలో సైన్సు చెప్పేవాళ్లు లేక ఆర్ట్సు ఒక్కటే ఉండేది. అందులో చేరమన్నదీ నేనే, "చదువుకో, మిగతాది గవర్నమెంటు చూసుకుంటుంది" అన్నదీ నేనే. ఊరి పిల్లలందరికీ అదే చెప్పాను. నువ్వు ఇంటర్వ్యూల నుంచి వచ్చి చెప్పులు విప్పుతూ మొహం తిప్పేసుకుంటుంటే చూడలేక గుణపాల దగ్గరికెళ్లి, అనుభవం ఉన్నట్టు ఒక సర్టిఫికెట్టు ఇమ్మన్నాను. "ఉత్తి కాగితమైతే దొంగదంటారు మాస్టారూ. రిజిస్టర్లోనే పేరెక్కిస్తా, పీఎఫ్ కూడా కడతా, ఎవడు వేలెత్తి చూపుతాడో చూద్దాం" అన్నాడు. పాపం, స్నేహం కొద్దీ చేశాడు. ఆరు నెలలకి సర్టిఫికెట్టు ఇచ్చాడు. అది వచ్చిన వారానికే నిరుద్యోగ పట్టభద్రులకి ఉద్యోగాలిస్తామని ప్రభుత్వం ప్రకటించింది. ఇక దీంతో పనేముందని బీరువాలో పడేశాను. నీకు చెప్పనే లేదు.

జాబితాలో మన ఊరివాళ్లవి పదకొండు పేర్లున్నాయి. నీది లేదు. "పీఎఫ్ ఉన్నవాళ్లు నిరుద్యోగులు కారట నాన్నా. నాకు పీఎఫ్ ఎక్కడిది?" అన్నావు. నేను పేపరు అడ్డం పెట్టుకుని, ఆఫీసువాళ్లే ఏదో తప్పు చేసుంటారన్నాను. జరిగిందేదో జరిగిపోయింది, ఇప్పుడు చెప్పి లాభమేమిటి అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. అసలు సంగతి సిగ్గు. ఆ రోజుల్లో నువ్వు రెండుసార్లు "గుణపాల మామని కలిశావా?" అని అడిగావు. వంటింటి తలుపు గడియ ఊడింది కదా, దానికోసమేమో అనుకున్నాను. వెళ్లి గడియ తెచ్చి బిగించాను కూడా.

తర్వాత నువ్వు కొలంబో ధర్నాలో అట్టముక్క పట్టుకుని ఎండలో కూర్చోవడం టీవీలో చూశాను. రెండేళ్లకి దేశమే దివాలా తీసింది. గ్యాసు బండల కోసం వీధులంతా క్యూలు, కొత్త ఉద్యోగాలు బంద్. ఇంకో జాబితా రాలేదు. కటునాయక బట్టల ఫ్యాక్టరీకి బయల్దేరిన రోజు నువ్వు తమలపాకులు నా చేతికిచ్చి కాళ్లకి మొక్కావు. దీవించడానికి నాకు చెయ్యి లేవలేదమ్మా. నడుంనొప్పి అని చెప్పాను.

ఇక్కడ తమ్ముడు కవిందు పదో తరగతి పాసయ్యాడు. ఏసీలు, ఫ్రిజ్‌లు బాగుచేసే కోర్సుకి ఫారం తెచ్చాడు. "మాస్టారి కొడుకువై ఉండి స్క్రూడ్రైవరు పట్టుకుంటావా?" అని దాన్ని సొరుగులో పెట్టి తాళం వేశాను. చూశావుగా, నేనింకా మారలేదు.

క్షమించమని అడిగే మొహం లేదు. నీ బతుకు సంగతి నీకు తెలియాలి కాబట్టి రాశాను.

నీ నాన్న,
విమలధర్మ

కటునాయక,
మే 16

నాన్నా,

ముందొక మాట. కవరు మీద నా పేరు పక్కన బి.ఏ. అని రాశావు. ఇక్కడ నేను పదో తరగతి వరకే చదివానని చెప్పి చేరాను. డిగ్రీ ఉందంటే మిషను దగ్గర కూర్చోనివ్వరు, రేపు యూనియన్ పెడతానని వాళ్ల భయం. మేముండే ఇంటావిడ కవరు పట్టుకుని "ఈ బి.ఏ. ఏంటే?" అంది. ఇంటిపేరులో అక్షరాలని చెప్పాను. నమ్మిందో లేదో తెలియదు. ఇకమీదట రాయకు.

నువ్వు రాసిన సంగతి నాకు నాలుగేళ్లుగా తెలుసు. జాబితా చూసిన మర్నాడే మళ్లీ ఆఫీసుకి వెళ్లాను. కౌంటర్లో ఉన్న అమ్మాయి కంప్యూటర్లో చూసి యజమాని పేరు చదివింది. అది గుణపాల మామ కొట్టు. "పొరపాటున ఎక్కిందైతే పద్నాలుగు రోజుల్లోగా ఆయన చేత ఉత్తరం రాయించుకురా అక్కా, నీ పేరు చేరుస్తారు. ఇప్పటికే ఇద్దరి పేర్లు అలాగే చేర్చారు" అంది.

నేను అడిగింది గడియ కోసం కాదు నాన్నా.

గుణపాల మామ దగ్గరికి నేనే వెళ్లొచ్చు. బస్సెక్కితే అరగంట. వెళ్లలేదు. నువ్వే నా మొహం చూసి చెప్పాలని పంతం పట్టాను. రోజూ పొద్దున్నే నీకు టీ ఇచ్చి కాసేపు అక్కడే నిలబడేదాన్ని. పదో రోజు నువ్వు ఆ గడియ బిగిస్తూ, స్క్రూ నోట్లో పెట్టుకుని, నావైపు చాలాసేపు చూశావు. ఇప్పుడు చెబుతావనుకున్నాను. "ఆ స్క్రూడ్రైవరు ఇలా అందుకో" అన్నావు. అందించాను. పద్నాలుగో రోజు ఆఫీసు మూసే వేళ దాకా ఇంట్లోనే కూర్చున్నాను. నువ్వు సిగ్గుపడి నా ఉద్యోగం పోగొట్టావు, నేను మొండికేసి పోగొట్టుకున్నాను. కొలంబోలో ప్రభుత్వాన్ని తిట్టిన తిట్లలో సగం నీకు, సగం నాకు.

ఆ ఉద్యోగాల్లో చేరినవాళ్లకి కూర్చోడానికి కుర్చీలు కూడా లేవని ఇక్కడి అమ్మాయిలు నవ్వుతుంటారు. నాకు నవ్వు రాదు. నేను నిలబడైనా చేసేదాన్ని. ఇప్పుడు పొద్దున్నుంచి సాయంత్రం దాకా చొక్కాల కాలర్లు కుడుతున్నాను. నెలనెలా నా పేరున నిజంగానే పీఎఫ్ జమవుతోంది.

నీమీద కోపం పోయిందని అబద్ధం రాయలేను. కానీ నువ్వు ఉత్తరం రాశావు. అది చదివి ఫ్యాక్టరీ బాత్‌రూంలో ఏడ్చాను. ఆలస్యమైనా నీ అంతట నువ్వే చెప్పావు.

నిన్న కవిందు ఫోను చేశాడు. ఆ ఫారం ఇవ్వడానికి ఈ నెల ఇరవై మూడు ఆఖరి రోజట. నీతో చెప్పడానికి వాడికి భయం. నువ్వే పిలిచి ఇస్తావేమోనని రోజూ పొద్దున్నే నీకు టీ తెచ్చిచ్చి, కాసేపు అక్కడే నిలబడుతున్నాడట. ఈ ఉత్తరం అందేసరికి ఇంకా మూడు రోజులుంటాయి.

సొరుగు తాళం తియ్యి నాన్నా.

సెవ్వంది