అరవై నాలుగో గడి

ప్రయోగశాల నుంచి,
బుధవారం, మార్చి 11

చిరంజీవి తమ్ముడికి,

అక్క దీవెనలు. ఇక్కడ నేనూ మీ బావా బాగున్నాం. నువ్వెలా ఉన్నావో రాయనక్కర్లేదు, నీ రక్తపరీక్ష కాగితాలు నా బల్ల మీదే ఉన్నాయి.

చిన్నప్పటిలాగే నెలనెలా రక్తం ఎక్కించుకుంటానని, ఎముక మూలుగ మార్పిడి మాత్రం వద్దని మొండికేశావట. నీ జన్యువులో కనిపించిన మార్పుకు అర్థం తెలియదని డాక్టరు రాశాడు కదా, తెలియని దానికి ఇంత పెద్ద చికిత్స ఎందుకని వాదించావట. ఆ పప్పులు నా దగ్గర ఉడకవు. పదిహేనేళ్లుగా నేను ఈ ప్రోటీన్లలోనే తలమునకలై ఉన్నాను.

కణంలో ప్రోటీన్లు తయారయ్యే చోటు రైబోజోమ్. దాని కట్టడంలోనూ ప్రోటీన్లున్నాయి. నీలో మారినది అందులో ఒకటి, అది చెడితే మూలుగలో ఎర్ర రక్తకణాలు సరిగా పుట్టవు. ఈస్టు, గోధుమ, ఈగ, చేప, కోడి, మనిషి, వీటన్నిటిలో ఆ ప్రోటీన్ అక్షరాలను, అంటే గడికొకటిగా ఉండే అమైనో ఆమ్లాలను, ఒకదాని కింద ఒకటి వరుసలుగా పేర్చాను. చాలా గడుల్లో ఎవరి ఇష్టం వాళ్లది. అరవై నాలుగో గడిలో మాత్రం పైనుంచి కిందిదాకా ఒకటే అక్షరం. కోట్ల ఏళ్లుగా ఈగ కూడా దాని జోలికి పోలేదు, నీకు సరిగ్గా అక్కడే మారింది! చిన్నప్పుడూ అంతే, ముట్టుకోవద్దన్నదే ముట్టుకునేవాడివి.

ఇన్ని ప్రాణుల్లో మారని అక్షరమంటే, అది మారితే ప్రోటీన్ పని చెడుతుందనే. కాబట్టి నీ జబ్బుకు మూలం అదే. నా వరుసలు చూసి డాక్టరూ ఒప్పుకున్నాడు. మూలుగ సరిపోయే దాత సిద్ధం. మారుమాట లేకుండా సరేనను. నాకు భయం లేదని అబద్ధం చెప్పను. కానీ నువ్వు లేచి తిరుగుతావని గట్టి నమ్మకం.

నీ అక్క

తా.క. దాత నేనేనని అనుకుంటున్నావేమో. మొన్నటిదాకా నేనూ అదే అనుకున్నాను. నీ నమూనా పక్కన పోల్చడానికి, మా ప్రయోగశాల అలవాటు ప్రకారం, ఆరోగ్యంగా ఉన్న మనిషి రక్తమంటూ నాదే పెట్టాను. అందులోనూ అదే మార్పు! ట్యూబులు తారుమారు చేశావని టెక్నీషియన్ మీద కేకలేసి, మూడుసార్లు మళ్లీ చేశాను. మూడుసార్లూ అదే. ఒకే ఇంట్లో ఈ మార్పు ఒకరిని మంచాన పడేసి, ఇంకొకరిని ఊరికే వదిలేస్తుందట. నా మూలుగ ఇస్తే నీ జబ్బే నీకు తిరిగిచ్చినట్లు. అన్నయ్యలో ఆ మార్పు లేదు, మూలుగ కూడా సరిపోయింది. నీ పెళ్లికి రాలేదని తొమ్మిదేళ్లుగా అన్నయ్య మొహం చూడవు, తెలుసు. అడిగితే, ఎప్పుడు రావాలో చెప్పు చాలన్నాడు. ఇచ్చేది తనేనని మాత్రం నీకు చెప్పొద్దన్నాడు, తెలిస్తే వద్దంటావని. నేను చెప్పేశాను.