లాప్‌టాప్ నుదుటి బొట్టు

అఖిల డాడీకి,

ఈ ఇంట్ల కనబడ్డ ప్రతి మిషన్‌కు బొట్టు పెట్టే మనిషి ఒకరున్నరు. దసరా నాడు స్కూటర్‌కు పెట్టి, ఫ్రిజ్‌కు పెట్టి, ఆఖరికి మిక్సీని గూడ ఇడువలే. ఆ మనిషి డ్యూటీ నుంచి రాంగనే ఈ చీటీ చదువాలె.

కెమెరా పనిచేస్తలేదని లాప్‌టాప్‌ల ఉన్న లినక్స్ సిస్టం తీసేస్తనన్నరు గద, తీసెయ్యకుర్రి. తప్పు దానిది కాదు. కెమెరా ఉన్నదని అది మొదటి సంది చూపెడుతనే ఉన్నది, బొమ్మనే వస్తలేదు. డ్రైవర్, సెట్టింగులు అన్నీ చూసిన, మంచిగనే ఉన్నయి. ఇందాక ఫోన్ టార్చి కెమెరా మీద కొడితే తెరంత ఎర్రగయింది. దగ్గరికి పోయి చూస్తే ఏముంది, తెర పై అంచుకు నట్టనడుమ, కెమెరా మీదనే మీరు పెట్టిన కుంకుమ బొట్టు! అన్నిటికీ బొట్లున్న ఇల్లాయె, దసరా సంది మన కండ్లకు ఆనలే.

నేను తుడుస్తనంటే అత్తమ్మ ముట్టనియ్యలే. పెట్టినోడే తుడువాలెనట. నాలుగింటికి అఖిల ఇంటర్వ్యూ, ముఖం కనబడకుంటే ఉద్యోగం ముచ్చటే లేదు. చేతులు కడుక్కొని, అద్దాలు తుడిచే బట్టతోటి మెల్లగ తుడువుర్రి. నీళ్ళు వద్దు. కెమెరాల మీ ముఖం కనబడ్డంకనే బువ్వ తినుర్రి. చేపల పులుసు పొయ్యి మీద ఉన్నది.

అత్తమ్మను దవాఖానకు తీసుకపోతున్న.

ఇంకో మాట. అత్తమ్మ చెప్పులు తొడుక్కుంట ఆగి, నేను ఎన్నడు ఇనని మాట అన్నది: “వాన్ని ఏమనకు బిడ్డ. నుదురనుకొని ఆడ పెట్టుమన్నది నేనే. అది కన్నని నాకేమెరుక? తప్పు నాదే.”