గాజు టేబులూ వేపబల్లా

2001 జూన్ 3, ఆదివారం

డైనింగ్ టేబుల్ వచ్చింది. గాజు టాప్, స్టీలు కాళ్ళు, మెరూన్ కుషన్లతో నాలుగు కుర్చీలు. రాజమండ్రి మెయిన్ రోడ్డులో చూసి, మనసు పారేసుకుని, మా టెలిఫోన్ ఎక్స్ఛేంజ్‌లో అందరికీ చెప్పి మరీ కొన్నాను. ముప్పై తొమ్మిదేళ్ళకి పెళ్ళయింది, ఆ మాత్రం సరదా ఉండకూడదా? కర్టెన్లు మెరూన్, మ్యాట్లు మెరూన్, చివరికి వాటర్ జగ్ మూత కూడా మెరూనే. నాకు మ్యాచింగ్ పిచ్చి. జాకెట్టు గుడ్డ ఒక్క షేడ్ తేడా వస్తే మళ్ళీ మ్యాచింగ్ సెంటర్‌కి పరిగెత్తే మనిషిని.

ఈ ఇంట్లో ఇన్నాళ్ళూ పీటలు వేసుకుని కిందే తిన్నారట. మా ఆయన మురళీకృష్ణ గారు కొత్త కుర్చీలో ఇంటర్వ్యూకి వచ్చినట్టు కూర్చున్నారు. ఆయన కూతురు ఫణిశ్రీ, పన్నెండేళ్ళది, గాజులోంచి తన కాళ్ళు చూసుకుని నవ్వింది. పెళ్ళయిన ఈ నెలలో నా ముందు నవ్వడం ఇదే మొదలు. నన్ను ఆంటీ అంటుంది. అననీ.

జూన్ 10, ఆదివారం

వెంకటరత్నమ్మ గారు పెద్దాపురం నుంచి వచ్చారు. ఆయన మొదటి భార్య రామతులసికి తల్లి. తులసి పోయినప్పటి నుంచీ ఈవిడే ఇక్కడ ఉండి మనవరాల్ని పెంచారు. మళ్ళీ పెళ్ళి చేసుకోమని అల్లుడి వెంటపడిందీ ఈవిడే. మాకు అక్షింతలు వేసి, కొత్త జంట కదా అని కొన్నాళ్ళు ఊరెళ్ళారు. బడి తెరుస్తున్నారని ఇప్పుడు తిరిగొచ్చారు.

టేబుల్ చుట్టూ తిరిగి చూశారు. అన్నం తింటూ అందరి కాళ్ళూ చూడాలా అన్నారు. నవ్వేశాను. ఆవిడ కోసం గుత్తివంకాయ చేశాను, మామిడికాయ పప్పు చేశాను. ఆకలి లేదన్నారు. రాత్రి తన సంచిలోంచి రెండు అరటిపళ్ళు తీసుకు తిని పడుకున్నారు.

జూన్ 11, సోమవారం

వెనక వరండాలో కిరసనాయిలు స్టవ్ వెలిగించుకున్నారు. ఊరి నుంచి బియ్యం మూట తెచ్చుకున్నారు. గిన్నె, కంచం కూడా తెచ్చుకున్నారు.

జూన్ 14, గురువారం

ఈరోజూ వెనక వరండాలోనే.

జూన్ 17, ఆదివారం

పక్కింటి సత్యకుమారి గారు గోడ మీంచి తొంగిచూసి, ఏంటండీ వేరు వంటా అని అడిగారు. తల కొట్టేసినట్టయింది. ఆయన్ని అడిగితే, పెద్దావిడ కదా, కొంచెం టైమ్ ఇవ్వు అంటారు. నెమ్మదస్తుణ్ణి చేసుకుంటే ఇదే గొడవ.

కన్నబిడ్డ తిరిగిన చోట ఇంకో మనిషి వడ్డిస్తుంటే ముద్ద దిగదేమో. అలా అనుకున్నప్పుడు జాలేస్తుంది. మళ్ళీ ఆ కిరసనాయిలు వాసన రాగానే ఒళ్ళు మండిపోతుంది. మరి నన్ను ఎందుకు తీసుకొచ్చినట్టు?

మధ్యాహ్నం ఫణి తన కంచం తీసుకుని అమ్మమ్మ దగ్గరికి వెళ్ళి తింది. నాలుగు కుర్చీలు, ఇద్దరం మనుషులం. ఆయన మ్యాచింగ్ బాగుందన్నారు. నేను లేచి వెళ్ళిపోయాను.

జూన్ 20, బుధవారం

ఆషాఢం వెళ్ళగానే పెద్దాపురం పోయి అక్కడే ఉండిపోతానని ఆవిడ ఆయనతో అన్నారట. వేరే పొయ్యి పెట్టుకుని ఇక్కడ ఎన్నాళ్ళుంటాను, చూసేవాళ్ళకీ బాగోదు అన్నారట. ఫణి విన్నది. తనూ వెళ్తుందట, అక్కడి బడిలోనే చేరుతుందట. ఏడుపు లేదు, అరుపు లేదు. పుస్తకాలు సర్దుకుంటోంది.

భయంగా ఉంది. నేను అడుగుపెట్టి ఇంట్లో ఇద్దరు మనుషుల్ని బయటికి పంపినదాన్నవుతాను. నాకు ఆ పిల్ల కావాలి. ఆ ముసలావిడా కావాలి. ఇక్కడ రాసుకుంటున్నాను కాబట్టి సరిపోయింది, ఎవరితో అనగలను?

జూన్ 22, శుక్రవారం

ఆషాఢం మొదలైంది. పొద్దున్నే ఆవిడ వచ్చి, కొత్త పెళ్ళికూతురు ఆషాఢంలో పుట్టింట్లో ఉండాలి, బట్టలు సర్దుకోండి అన్నారు. మా అమ్మ పోయి పదేళ్ళు, నాకు పుట్టిల్లు ఎక్కడుంది అన్నాను. తెలుసు, సర్దుకోండి అన్నారు.

ముందు నన్నే పంపించేస్తున్నారేమో అనుకున్నాను. తీరా చూస్తే పెద్దాపురం బస్సెక్కించారు. నెల సెలవు ఎవరిస్తారు, నాలుగు రోజులు పెట్టాను.

జూన్ 24, పెద్దాపురం, మధ్యాహ్నం 3

మరిడమ్మ జాతర రోజులు. వీధిలో డప్పులు ఆగడం లేదు. ఆవిడ ఇల్లు రెండు గదులు. ముందు వరండాలో పొడుగాటి వేపబల్ల. పాలిష్ లేదు, రంగు లేదు. ఒక కాలు కింద ఇటుక పెట్టారు. కూర్చుని కూర్చుని మధ్యలో గుంట పడింది.

ఆ బల్ల మీదే నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, ఒక్క గిన్నెలోంచే ఇద్దరికీ వడ్డించారు. ఆవిడ నాతో కలిసి తినడం మొన్నటి నుంచే చూస్తున్నాను. ఆవకాయ కలుపుకుని ఎంత ఇష్టంగా తింటారో. ఇక ఉండలేకపోయాను. అక్కడ నేను వండింది ఎందుకు ముట్టరని అడిగేశాను.

ఆవిడ తెల్లబోయి చూశారు.

"కూతురింట్లో ఎలా తింటానే? నీకో బిడ్డ కలిగేదాకా తినకూడదు కదా. మీ అమ్మ చెప్పలేదేంటి?"

మా అమ్మకి చెప్పే అవసరం ఎక్కడ వచ్చింది? తులసికి పెళ్ళయ్యాక కూడా, ఫణి పుట్టేదాకా ఆ ఇంట్లో మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టలేదట. మనవరాలు పుట్టాక ఇంక అడ్డేముంది, సుబ్బరంగా తిన్నాను అన్నారు. ఇప్పుడు ఇంకో కూతురు వచ్చింది కాబట్టి మళ్ళీ మొదటికొచ్చింది. ఇది ఒకరికి విడమరిచి చెప్పాల్సిన సంగతని కూడా ఆవిడకి తోచలేదు. మగమనిషి ఆయనకేం తెలుస్తుంది. నేను చూస్తే అక్కడ ఉడికిపోయాను.

అండీ అనే మనిషి తింటానే అన్నారు. ఏడుపు ఆగలేదు. ఆవకాయ ఘాటెక్కిందనుకుని ఆవిడ ఇంకాస్త నెయ్యి పోశారు.

జూన్ 25, పెద్దాపురం

నాకు ముప్పై తొమ్మిది. బిడ్డ పుట్టకపోతేనో అని అడిగాను. నీకు నన్ను చూడాలనిపించినప్పుడల్లా ఇక్కడికొచ్చి తిందువుగాని అన్నారు. మరి ఫణి అన్నాను. పమిట చెంగుతో బల్ల తుడుస్తూ ఉండిపోయారు.

అప్పుడు తట్టింది. ఈ బల్ల ఎవరిది అన్నాను. మా మామగారు చేయించింది, నాదే అన్నారు. ఈ బల్ల మీద కూర్చుని, మీ బియ్యం మీ గిన్నెలో వండుకుని తింటే, అది ఎవరిల్లు అవుతుంది అన్నాను.

నీవి ప్లీడరు బుద్ధులే అన్నారు. మరి కూరో అన్నారు. పక్కింటివాళ్ళు పంపారనుకోండి అన్నాను. దానికి ఒప్పుకున్నారు.

జూలై 1, ఆదివారం

మామిడికాయల వ్యాన్ మీద బల్ల దిగింది. నా మెరూన్ గదిలో, నా గాజు టేబుల్ పక్కన, ఇటుకతో సహా. చూస్తే గుండె కలుక్కుమంది, అబద్ధమెందుకు. కనీసం మెరూన్ రంగు వేయిద్దామా అని నోటిదాకా వచ్చింది. మింగేశాను.

కూర్చుంటే ఆవిడ గడ్డం దగ్గరికొచ్చింది గాజు. వడ్రంగి వీరబ్రహ్మాన్ని పిలిపించి బల్ల కాళ్ళ కింద దిమ్మలు వేయించాం. అప్పుడు ఆవిడ పాదాలు గాల్లో తేలాయి. అటక మీదకెక్కించిన పీట దింపి కాళ్ళ కింద వేశాను. ఇంక నా సెట్టు ఏ సెట్టో ఆ దేవుడికే తెలియాలి. బల్ల కోసం ఎత్తేసిన కుర్చీ నా పక్కనే వేసి, దాని మీద పేపర్లు పెట్టాం.

ఫణి ముగ్గుపిండి తెచ్చి బల్ల చుట్టూ గీత గీసింది. ఇక్కణ్ణుంచి పెద్దాపురం అట.

జూలై 8, ఆదివారం

నలుగురం కలిసి తింటున్నాం, వారం రోజులుగా. పప్పు రాజమండ్రి నుంచి పెద్దాపురం వెళ్తుంది. ఆవకాయ పెద్దాపురం నుంచి రాజమండ్రి వస్తుంది. పక్కింటి కూర బాగుందని చెప్పు అంటారావిడ, నా మొహంలోకి చూస్తూనే. ఫణి పుస్తకాలు మళ్ళీ అలమారలోకి చేరాయి. ఆయన కూడా మాట్లాడుతున్నారు, రెండో వడ్డనకి కూడా ఉంటున్నారు.

ఎక్స్ఛేంజ్‌ నుంచి ఇద్దరు వచ్చారు. లక్షణమైన సెట్టు పాడుచేశావు కదే సూర్యకళా అన్నారు. మ్యాచ్ కాలేదు, నిజమే. గాజులోంచి చూస్తే పీట మీద ఆవిడ పాదాలు కనిపిస్తాయి, వెండి మట్టెలు ఎప్పుడో తీసేసిన వేళ్ళు. నాకు ఆ గదిలోకి వెళ్ళడమంటే ఇష్టంగా ఉంది.

జూలై 19, గురువారం

తడిగుడ్డకి ముగ్గు గీత చెరిగిపోయింది. పెద్దావిడ వచ్చి చూసి, గీత వేసేదాకా కూర్చోనన్నారు. ఫణి మళ్ళీ వేసింది.

జూలై 30, సోమవారం

ఫణికి జడ నేను వేశాను. రిబ్బన్లు రెండూ ఒక రంగు కావు. పర్వాలేదంది, నాకే ప్రాణం ఒప్పలేదు. ఈమధ్య ఆ పిల్ల నన్ను ఆంటీ అనడం లేదు. వేరేగానూ పిలవడం లేదు. ఎదురుగా వచ్చి నిలబడి, నేను చూసేదాకా ఆగి, అప్పుడు మాట్లాడుతోంది. నేను త్వరగా చూస్తున్నాను.

ఆగస్టు 9, గురువారం

"అమ్మా, నెయ్యి" అంది ఫణి, కంచంలోంచి తలెత్తకుండా.

వేశాను. ఎక్కువే పడింది.

వెంకటరత్నమ్మ గారు కంచం పట్టుకుని బల్ల మీంచి లేచారు. ముగ్గు గీత దాటి వచ్చారు. నా పక్క కుర్చీలో పేపర్లు తీసి కింద పెట్టి కూర్చున్నారు. మా గిన్నెలోంచి అన్నం పెట్టమని కంచం నావైపు జరిపారు.